పేరులో చేప, పళ్లెంలో వంకాయ

పిల్లలూ, చైనా దేశంలో సిచువాన్ అనే రాష్ట్రం ఒకటి ఉన్నది. కారం తినటంలో అక్కడివాళ్లు మన గుంటూరువాళ్లకు ఏమీ తీసిపోరు. వాళ్లు వంకాయతో ఒక కూర చేస్తారు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే "చేపవాసన వంకాయ" అనాలి. పేరు వినగానే శాకాహారులు ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటారు. కాని చిత్రమేమంటే, ఆ కూరలో చేప మచ్చుకైనా ఉండదు! ఊరవేసిన మిరపకాయలు, అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడలు, పంచదార, వెనిగర్ కలిపి అక్కడివాళ్లు చేపలు వండుకునేవారట. ఆ సంబారమే వంకాయకు కూడా పట్టించారు గనక ఆ పేరు వచ్చిందంటారు.

అదే రాష్ట్రంలో ఇంకొక వంటకం ఉన్నది. దాని పేరు "మాపో టోఫు". సోయా చిక్కుళ్ల పాలను విరగగొట్టి, నీరు వార్చి, గట్టిపరిచిన ముద్దను టోఫు అంటారు. చూడటానికి మన పనీరు లాగే ఉంటుంది. మాపో అంటే స్ఫోటకపు మచ్చల అవ్వ అని అర్థం. పందొమ్మిదో శతాబ్దంలో చెంగ్డూ నగరంలో పూటకూళ్లు పెట్టిన ఒకావిడ చేతి వంట అది అని చెబుతారు. పేరులో అవ్వ, టోఫు తప్ప మరేమీ లేవు. కాని కూరలో మాత్రం సన్నగా కొట్టిన మాంసం పడుతుంది!

ఇక పేరు చూసి తిండిని నమ్మటం ఎట్లా?

ఈ ప్రశ్న మనకు అక్కరలేనిది కాదు. ఇప్పుడు మన ఊళ్లలో చైనా వంటలు పెట్టని హోటలు అరుదు. ఎవరి పుట్టినరోజు వచ్చినా పిల్లలంతా నూడుల్స్ కావాలని గొడవ చేస్తారు. మీలో కొందరి ఇళ్లలో మాంసం గాని, గుడ్డు గాని ముట్టరు. అటువంటి పిల్లవాడు స్నేహితులతో హోటలుకు వెళ్లి, పళ్లెం ముందు కూర్చుని, "ఇందులో ఏం కలిపారో!" అని బితుకు బితుకుమంటూ ఉంటే వాడికి తిండి ఏం సహిస్తుంది? తినకుండా లేస్తే నలుగురిలో చిన్నతనం. తింటే ఇంటికి వెళ్లి అమ్మకు ఏం చెప్పాలా అని దిగులు.

మాంసపు ముక్కలు పైకి కనిపిస్తే చిక్కే లేదు. చిక్కల్లా కనపడని వాటితోనే. చైనా వంటవాడి పొయ్యి పక్కన ఒక పెద్ద పాత్రలో కోడి ఎముకలో, పంది ఎముకలో నీళ్లలో మరుగుతూ ఉంటాయి. మనం చారుకు పప్పుకట్టు వాడినట్టు, వాళ్లు ఆ ఎముకల రసాన్ని పులుసులో, కూరలో గరిటెడు పోస్తారు. అందులో ముక్క ఒక్కటి కూడా ఉండదు. అందుచేత "ఇందులో మాంసం ఉన్నదా?" అని అడిగితే "లేదు" అని జవాబు రావచ్చు. ఆ మాట అబద్ధమని కూడా అనలేము! ఇంకొక తమాషా చూడండి. చైనా భాషలో మాంసాన్ని "రౌ" అంటారు. కాని ఉత్త "రౌ" అంటే మామూలుగా పందిమాంసమనే వాళ్లకు స్ఫురిస్తుంది. "రౌ వద్దు" అని చెప్పి కూర్చున్న మనిషి ముందుకు చక్కగా రొయ్యల కూర రావచ్చు.

ఎముకల రసం తరవాత సీసాల సంగతి చూడాలి. నల్లని సోయా సాస్ చూసి కొందరు భయపడతారు గాని, అది పూర్తిగా శాకాహారమే. సోయా చిక్కుళ్లూ, గోధుమలూ కలిపి, వాటికి ఒక రకం బూజు పట్టించి, ఉప్పునీళ్లలో నెలల తరబడి ఊరవేస్తే అది తయారవుతుంది. దాని పక్కనే అదే రంగులో, కాస్త చిక్కగా ఇంకొక సీసా ఉంటుంది. అది ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల రసం. 1888లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు సముద్ర తీరాన లీ కుమ్ షెయుంగ్ అనే అతను ఆల్చిప్పలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే, అవి మరిగి మరిగి చిక్కని రసమైందనీ, రుచి చూస్తే అమోఘంగా ఉన్నదనీ ఒక కథ ఉన్నది. పచ్చని ఆకుకూర ఒక్కటే పళ్లెంలో పెట్టి తెచ్చినా, పైన మెరిసే రసం ఇదే కావచ్చు. అయితే ఇదే రుచితో పుట్టగొడుగుల నుంచి చేసిన సాస్ కూడా బజారులో దొరుకుతుంది. మంచి హోటళ్లు రెండూ ఉంచుకుంటాయి.

థాయిలాండు, వియత్నాం వంటల్లో ఉప్పుకు బదులు చేపల రసం వాడతారు. నెత్తళ్ల వంటి చిన్న చేపలను ఉప్పుతో కలిపి తొట్లలో ఏడాది దాకా మగ్గనిస్తే ఊరే తేటనీరు అది. థాయి కూరల్లో వేసే నూరిన ముద్దలో ఎండిన రొయ్యల ముద్ద కలిసి ఉంటుంది. ఆకుపచ్చగా, కొబ్బరిపాలతో, లోపల కూరగాయలే తేలుతూ ఉంటాయి గనక ఎవరికీ అనుమానం రాదు. జపాను పులుసులో ఎండబెట్టి తురిమిన చేప ఉంటుంది. కొరియావాళ్ల కిమ్చీ అనే క్యాబేజీ ఊరగాయలో కూడా తరచు రొయ్యలో, చేపల రసమో పడుతుంది.

అజినోమోటో మాట ఏమిటని పెద్దలు అడుగుతారు. అది ఎముకల పొడి అని ఒక పుకారు ఉన్నది. కాదు. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రజ్ఞుడు కొంబు అనే సముద్రపు నాచు ఉడికించిన నీళ్లకు అంత రుచి ఎక్కడి నుంచి వస్తున్నదా అని శోధించి, గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరు చేశాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాక ఇది మరొక రుచి అని, దానికి "ఉమామి" అని పేరు పెట్టాడు. పండిన టమాటాలోనూ, పుట్టగొడుగులోనూ ఉన్నది ఆ రుచే. ఇప్పుడు దానిని చెరకు మడ్డి వంటివాటిని పులియబెట్టి చేస్తున్నారు.

ఇంత విన్నాక, ఆ దేశాలలో శాకాహారికి బతుకే లేదని అనుకోబోయేరు. అదేం కాదు! శాకాహారపు వంటలో వాళ్లది పదిహేను వందల ఏళ్ల అనుభవం. బౌద్ధమతం మన దేశం నుంచే చైనాకు వెళ్లింది గదా. ఇక్కడి భిక్షువులు ఇల్లిల్లూ తిరిగి, భిక్షాపాత్రలో పడినదే తినేవాళ్లు. చైనాలో ఆశ్రమాలు స్వంతంగా వంటశాలలు పెట్టుకున్నాయి గనక ఏం వండాలో నిర్ణయించుకునే వీలు చిక్కింది. 502 నుంచి 549 దాకా రాజ్యం చేసిన లియాంగ్ వూ చక్రవర్తి తాను మాంసం మానేసి, భిక్షువులంతా మాంసమూ మద్యమూ మానాలని పట్టుబట్టాడు. అప్పటి నుంచి ఆశ్రమాల వంటవాళ్లు టోఫుతో, పుట్టగొడుగులతో, గోధుమపిండితో ఎన్ని తంటాలు పడ్డారో చెప్పలేము. గోధుమపిండితో మాంసం లాంటి ముద్ద చేశారు. అది ఎట్లాగో చివర చెబుతాను, మీరు ఇంట్లోనే చెయ్యవచ్చు.

ఈ భిక్షువులు ఘాటైన పదార్థాలు అయిదింటిని కూడా వదిలారు. వెల్లుల్లి, ఉల్లి, వాటి జాతి కాడలు సరే. అయిదోది ఏమిటో ఊహించగలరా? మన ఇంగువ! ఉల్లి మానిన మన ఇళ్లలో దాని బదులు ఇంగువ వేస్తారు. వాళ్లు దాన్ని కూడా మానేశారు. అందుచేత చైనా ఆశ్రమాల నుంచి ఒక సన్యాసి వచ్చి మన పులిహోర తినబోతే, పాపం, ఆయన కూడా "ఇందులో ఏం కలిపారు?" అని అడగవలసిందే.

ఆ వంటలు ఆశ్రమాలలోనే ఉండిపోలేదు. షాంఘై నగరంలో 1922లో "గాంగ్డెలిన్" అనే శాకాహార హోటలు వెలిసింది. అటువంటి చోట్ల బాతు, చేప ఆకారాలలో టోఫు వంటకాలు పెడతారు. శాకాహారికి బాతు ఆకారం దేనికని మీరు అడగవచ్చు. నా మటుకు నాకు కూడా పుట్టగొడుగును పుట్టగొడుగులాగే తినటం మేలనిపిస్తుంది. కాని మాంసం తినే అతిథి వస్తే అతని ముందు విందు వెలితిగా కనపడకూడదని వంటవాళ్లు అంత పాటుపడ్డారు.

ఇప్పుడు అసలు కీలకం వినండి. ఆ దేశాలలో శాకాహారానికి వాళ్ల సొంత మాట ఒకటి ఉన్నది. చైనాలో "సు" అంటారు. వియత్నాంలో "చాయ్" అంటారు. అక్కడ పున్నమికీ, చాంద్రమాసం మొదటి రోజుకూ చాలామంది "చాయ్" తింటారు గనక ఆ మాట తెలియని వంటవాడు ఉండడు. థాయిలాండులో "జే" అంటారు. ఏటా తొమ్మిది రోజులు అక్కడ "జే" పండుగ. అనేక సంవత్సరాలలో అది మన దసరా నవరాత్రులతోనే కలిసి వస్తుంది. అప్పుడు దుకాణాల ముందు పసుపుపచ్చని జెండాలపై ఎర్రగా ఆ మాట రాసి కడతారు. థాయి భాషలో ఇంకొక మాట కూడా ఉన్నది, "మంగ్సవిరత్". నెమ్మదిగా పలికి చూడండి. మాంస విరతి! మన సంస్కృతమే. అయితే మంగ్సవిరత్‌లో గుడ్డు ఉండవచ్చు, "జే"లో ఉండదు. జపానులో "షోజిన్" వంట అడిగితే చేపకు బదులు నాచుతో, పుట్టగొడుగులతో కాచిన పులుసు వస్తుంది. తైవాన్‌లో 2009 నుంచి పొట్లాలలో అమ్మే శాకాహారం మీద అది ఏ రకమో, గుడ్డున్నదో, పాలున్నవో, ఉల్లి వెల్లుల్లి ఉన్నవో కూడా రాసి తీరాలి. సింగపూరు వంటి చోట్ల ఉండే మన తెలుగు కుటుంబాలకు ఈ మాటలు ఎంతో ఉపకరిస్తాయి.

మన దేశంలో చైనా వంట కథ వేరు. పద్దెనిమిదో శతాబ్దం చివర కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఒక చైనా వర్తకుడు చక్కెర మిల్లు పెట్టాడు. ఆ తరవాత హక్కా అనే తెగవాళ్లు వచ్చి టాంగ్రా పేటలో తోళ్లు పదును చేస్తూ స్థిరపడ్డారు. "హక్కా నూడుల్స్" అనే పేరు వాళ్లదే. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయిలో పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి వేయించి, గరం మసాలాకు బదులు సోయా సాస్ పోసి, మొక్కజొన్న పిండితో చిక్కపరిచి కోడికూర చేశాడనీ, మంచూరియా అదేననీ చెబుతారు. కోడి స్థానంలో గోబీ వచ్చి కూచోవటానికి ఎంతో కాలం పట్టలేదు. చైనాలోని మంచూరియాకు వెళ్లి గోబీ మంచూరియా అడిగితే వాళ్లు తెల్లబోతారు!

మన హోటళ్లలో వంటవాడికి శాకాహారమంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర లేదు. అయినా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. "ఇది వెజ్జేనా?" అని అడిగితే "వెజ్జే" అనటం తేలిక. కనుక ఇట్లా అడగండి:

"అన్నా, నూడుల్స్ గుడ్డు కలిపిన పిండితో చేసినవా?"

"కాదు బాబూ, ఉత్త మైదావే."

"సూపులో పోసేది మంచినీళ్లేనా, చికెన్ ఉడికించిన నీళ్లా?"

ఇక్కడ సర్వరు ఒక్క క్షణం ఆగుతాడు. "ఉండు, లోపల కనుక్కుని వస్తాను," అంటాడు. ఆ మాట అన్నవాడిని నమ్మవచ్చు.

"సాస్ ఏ సీసాలోది?" అని కూడా అడగండి. మన దేశంలో శాకాహారపు సీసాల మీద ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క వేస్తారు. ఇక్కడి నిబంధన ప్రకారం గుడ్డు ఉంటే ఆ చుక్క వెయ్యటానికి లేదు. పశ్చిమ దేశాలలో గుడ్డు తిన్నా శాకాహారి అనే అంటారు, అది గుర్తుంచుకోండి. ఒకే బాణలిలో ముందు కోడి, తరవాత కూర వేయించే హోటళ్లున్నాయి. బాణలి కడిగి చెయ్యమని చెప్పటానికి సిగ్గుపడవద్దు. కాకపోతే రద్దీగా ఉన్నప్పుడు కాక, కాస్త ముందుగా వెళితే వాళ్లకూ తీరిక ఉంటుంది. రొయ్యలో, వేరుసెనగలో పడక ఒళ్లు దద్దుర్లెక్కే పిల్లలకు ఈ ప్రశ్నలు ఇంకా ముఖ్యం.

ఇక గోధుమ ముద్ద. రెండు గ్లాసుల మైదా గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి ఒక గంట ఉంచండి. తరవాత గిన్నెడు నీళ్లలో ఆ ముద్దను పిసకండి. నీళ్లు పాలలాగా తెల్లబడతాయి. వాటిని వేరే గిన్నెలో వంచి, మళ్లీ కొత్త నీళ్లు పోసి పిసకండి. నీళ్లు తేటపడేదాకా ఇట్లా చేస్తే చివరకు చేతిలో రబ్బరులాగా సాగే చిన్న ముద్ద మిగులుతుంది. పిండిలోని మాంసకృత్తులు నీళ్లు తగిలి వలలాగా అల్లుకోవటం వల్ల అది కరిగిపోదు. దాన్ని గ్లూటెన్ అంటారు. అమ్మను అడిగి అరగంట ఉడికించి, ముక్కలు కోసి, సోయా సాస్‌లో వేయిస్తే భిక్షువులు తిన్న వంటకమే మీ పళ్లెంలో ఉంటుంది. గోధుమ పడనివాళ్లు మాత్రం దీన్ని తాకరాదు.

తెల్లనీళ్లు పారబొయ్యకండి. తెల్లవారేసరికి అడుగున మెత్తని పిండి పేరుకుంటుంది. పై నీరు వంచి దాన్ని ఎండబెట్టుకోవచ్చు. దక్షిణ చైనాలో ఇటువంటి పిండిని మరిగే నీళ్లతో కలిపి, పలచగా ఒత్తి, లోపల కూరపెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఉడికాక ఆ పైపొర గాజులాగా అవుతుంది. లోపల ఎర్రగా కనపడితే రొయ్య, పచ్చగా కనపడితే ఆకుకూర.