మాట మధ్యన ఉండాలి



సంధులూ సమాసాలూ చెప్పుకొనే తెలుగు పండితుడికి ఈ డాల్బీ, డీటీఎస్‌ల గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చును. కాని గడచిన ఆరు నెలలూ నేను ఒక అపోహలో బతికాను. నా చెవులు పాడైపోయాయనుకొన్నాను. వెనుక బెంచీలో గుసగుసను నల్లబల్ల వైపు తిరిగి ఉండి కూడా పట్టుకొన్న చెవులవి. అవి పాడవలేదనీ, ఊడినది ఒక తీగ మాత్రమేననీ తెలుసుకోవడానికి ఈ విద్య కొంత నేర్చుకోవలసి వచ్చినది. అందుకే ఈ టపా.

మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. నేను ఉద్యోగ విరమణ చేశాక, పెనుబల్లిలోని మా పెంకుటింటికి ఒక హోం థియేటర్ పంపించాడు. ఒక రిసీవర్, ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్. అమర్చడానికి వచ్చిన కుర్రవాడు ఏదో ఆంగ్ల చిత్రంలోని పేలుడు వినిపించాడు. గూటిలోని గ్లాసులు కదిలాయి. “ఎలా ఉంది సార్?” అన్నాడు. బ్రహ్మాండంగా ఉన్నదన్నాను. పేలుడు బాగున్నదే కాని, ఒక్క మాటైనా వినిపించమని అడగాలని నాకు తోచలేదు.

ఆ తరువాత సినిమా పెడితే వాన నాలుగు గోడల మీదా కురిసేది, గుర్రాలు వీపు వెనుక నుంచి దూకేవి. మనుషుల మాటలు మాత్రం పక్కింటివాళ్ళు మాట్లాడుకొంటున్నట్లు వినిపించేవి. ధ్వని పెంచితే డప్పులు పెరిగేవి, మాట అక్కడే ఉండేది. “ఏమండీ, నాకూ అందడం లేదు” అన్నది మా ఆవిడ. ఇద్దరికీ వయసు మీద పడుతున్నదిలే అన్నాను. ఖమ్మం వెళ్ళి చెవుల వైద్యుని చూస్తే, వినికిడి వయసుకు తగినట్లే ఉన్నదన్నాడు. ఆ మాటను నేను ఓదార్పుగా తీసుకొన్నాను. అబ్బాయి ఫోను చేసినప్పుడు అద్భుతంగా ఉన్నదని చెబుతూ, సినిమా పెట్టుకొని పుస్తకం చదువుకొనేవాడిని.

ఒక సాయంత్రం రిసీవర్‌ను ‘స్టీరియో’లో ఉంచి ఘంటసాలవారి పాత పాట వింటున్నాను. రిమోటు మీద చేయి పొరపాటున ఎక్కడో తగిలింది. ముఖఫలకం మీద ‘డాల్బీ సరౌండ్’ అని అక్షరాలు వచ్చాయి. గొంతు మాయమైపోయింది. మళ్ళీ ‘స్టీరియో’ చేస్తే వచ్చింది. చెవులు చెడినవాడికి ఒక మీటతో గొంతు వచ్చి, ఇంకొక మీటతో పోదు కదా! ఆ రాత్రే వివరణ పుస్తకం తీసి, నిఘంటువు పక్కన పెట్టుకొని కూర్చొన్నాను.

ముందుగా అంకెల సంగతి. 5.1 అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, ఇరు ప్రక్కల రెండు, మొత్తం ఐదు. చుక్క తరువాతి ఒకటి మంద్రధ్వనికి ప్రత్యేకించిన ఛానెల్. అది సుమారు 120 హెర్ట్జ్‌ల వరకే పలుకుతుంది కనుక దానికి పూర్తి అంకె ఇవ్వలేదు. 7.1 అయితే వీపు వెనుక మరి రెండు. 5.1.2 వంటి మూడవ అంకె నెత్తిమీది స్పీకర్లను చెబుతుంది.

ఇక పేర్లు. వీటిని నేను వ్యాకరణంతో అర్థం చేసుకొన్నాను, మీకూ అలాగే చెబుతాను.

1970వ దశకం మధ్యలో సినిమాహాళ్ళకు వచ్చిన డాల్బీ స్టీరియో, 1982లో ఇళ్ళకు వచ్చిన డాల్బీ సరౌండ్, సంధి వంటివి. హాళ్ళలో నాలుగు ఛానెళ్ళను రెండింటిలో కలిపి రాసేవారు, వినేచోట యంత్రం విడదీసేది. విడదీత తప్పితే అర్థం తప్పినట్లే, ఒకచోటి ధ్వని ఇంకొకచోట పలికేది. 1992లో ‘బాట్మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్, 1993లో ‘జురాసిక్ పార్క్’తో డీటీఎస్ వచ్చి ఏ ఛానెల్‌ను ఆ ఛానెల్‌గానే రాశాయి. అంటే పదవిభాగం చేసి అచ్చువేసిన పద్యం వంటివి. అయితే చోటు చాలక ధ్వనిని కుదించాయి, కనుక అవి తద్భవాలు. తరువాత బ్లూరే డిస్కుల మీద వచ్చిన డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియోలు మూలాన్ని ఒక్క అక్షరమూ పోకుండా అందిస్తాయి, అవి తత్సమాలు. అయినా ‘రాత్రి’ని ‘రాతిరి’ అన్నంత మాత్రాన చీకటి తగ్గదు. మా బోటి ఇళ్ళలో ఈ రెంటి భేదం కోసం అప్పు చేయనక్కరలేదు.

2012లో హాళ్ళకు, 2014లో ఇళ్ళకు వచ్చిన డాల్బీ అట్మాస్‌లో కొన్ని ధ్వనులు తమ చిరునామాను తామే మోసుకొని వస్తాయి. ‘ఈ పిట్ట నెత్తిమీద కుడిగా ఎగరాలి’ అని రాసి ఉంటే, ఉన్న స్పీకర్లలో దానిని ఎలా పలికించాలో రిసీవర్ చూసుకొంటుంది. 2022లో విడుదలైన ‘ఆర్ ఆర్ ఆర్’ శబ్దాన్ని ఇలాగే కూర్చారు. మరి రెండు స్పీకర్లు కొని అట్మాస్ పెట్టిస్తానన్నాడు మా అబ్బాయి. ధ్వనిని పైకి విసిరి కప్పు నుంచి కిందికి తెచ్చే స్పీకర్లవి. వాటికి చదునైన కప్పు కావాలి, మాది వాలు పెంకుల కప్పు. పైనుంచి వాన వినాలంటే ఆషాఢం దాకా ఆగుతానని చెప్పాను.

ఇప్పుడు నా గొంతు మాయమైన కథ. నేటి రిసీవర్ల మీద కనిపించే ‘డాల్బీ సరౌండ్’ అనేది వచ్చిన ధ్వని పేరు కాదు. రెండు ఛానెళ్ళుగా వచ్చినదానిని రిసీవర్ తానే ఐదింటికి పంచే పద్ధతి పేరు. 1982 నాటి పేరునే మళ్ళీ పెట్టి మనబోటి వాళ్ళను తికమక పెట్టారు. ఎడమ కుడులలో సమానంగా ఉన్నదానిని అది మధ్య స్పీకరుకు పంపుతుంది. పాత పాటలో అంతా సమానమే కనుక గొంతంతా మధ్యకు వెళ్ళింది. సినిమాలలోనూ సంభాషణ ఎక్కువ భాగం మధ్య ఛానెల్‌లోనే ఉంటుంది. టీవీ కింద స్పీకరును లాగి చూస్తే, వెనుక తీగ ఊడి ఉన్నది! ఆరు నెలలు మా ఇంట్లో ఐదు స్పీకర్లలో అతి ముఖ్యమైనది మూగగా కూర్చున్నది. తీగ బిగించాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నిలబడి, “ఎవరో ఎదురుగా మాట్లాడుతున్నట్లుందండీ” అన్నది. ఆమె చెప్పినది ఆరు నెలల క్రితమే వినవలసింది.

అందుచేత నా అభిప్రాయం ఇది. ఈ యంత్రాలను అంకెలతో కొనవద్దు, మాటతో కొనండి. దుకాణంలో పేలుడు వినిపిస్తే వద్దని, తెలుగు సినిమాలో ఇద్దరు నెమ్మదిగా మాట్లాడుకొనే ఘట్టం పెట్టమనండి. ఇంట్లో అమర్చినవారిని ప్రతి స్పీకరునూ విడివిడిగా పలికించి చూపమనండి. దానికి ‘టెస్ట్ టోన్’ అనే సదుపాయం ఉంటుంది. మధ్య స్పీకరును అలమర లోపలికి తోయకుండా చెవుల వైపు తిప్పండి. చాలకపోతే దాని స్థాయి ఒక్కటే రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. గుసగుసకూ గర్జనకూ ఉన్న దూరాన్ని తగ్గించే ‘నైట్ మోడ్’ పెద్దవాళ్ళున్న ఇంటికి పగలైనా మంచిదే. 5.1గా తీసిన సినిమాకు కూడా ముఖఫలకం ‘పీసీఎం’ అని రెండు ఛానెళ్ళే చూపుతుంటే, టీవీ అమరికలలో ధ్వనిని ‘పాస్ త్రూ’కు మార్చి చూడండి.

పాతదానిని పాతదానిగానే విననివ్వండి. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి విడుదల చేశారు. కొత్త తరాన్ని హాలుకు రప్పించే ప్రయత్నాన్ని నేను తప్పు పట్టను. కాని ఇంట్లో ప్రతి పాత పాటనూ మీట నొక్కి ఐదు దిక్కులకూ చిమ్మడం ప్రక్షిప్తాలతో కావ్యాన్ని పెంచడమే. మూలంలో లేనిదానిని రిసీవర్ సృష్టించలేదు, ఉన్నదానినే పంచుతుంది.

వినబడకపోతే తప్పు మన చెవులదేనని ముందుగా ఒప్పుకొనే వయసు మాది. మీ ఇంట్లో పెద్దవారు సినిమా పెట్టుకొని పుస్తకం చదువుతూ కనబడితే, ఒకసారి టీవీ కిందికి వంగి ఆ తీగ చూడండి.