అగ్గిపెట్టెపై గులాబీ రిబ్బను: లెక్క చెప్పేదెవరు?

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలకు, వేరుశెనగ చిక్కీకి పేరుమోసినది. పొరుగునున్న విరుదునగర్ నూనె, పప్పుధాన్యాల వర్తక కేంద్రం. ఇక్కడి చిన్న సంస్థలు రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు చేయూతనివ్వడం అసాధ్యమేమీ కాదు. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి చొరవతో అడయారులో 12 పడకలతో వెలసిన క్యాన్సర్ ఆసుపత్రికి ఊపిరి పోసినవి విరాళాలే. సామాజిక బాధ్యతకు లాభాల్లో 2 శాతం వెచ్చించాలన్న 2013 నాటి చట్టం పెద్ద కంపెనీలకే వర్తిస్తుంది. చిన్న వ్యాపారి ఇచ్చేది కేవలం స్వచ్ఛందం.

చిక్కంతా లెక్కలోనే ఉన్నది. అమెరికాలో 1992 నుండి ప్రచారంలోకి వచ్చిన గులాబీ రిబ్బను క్రమేణా సరుకు అమ్ముకొనే సాధనమైంది. ధరలో ఎంత, ఎవరికి చేరుతున్నదని 2002లో అక్కడి మహిళా ఉద్యమకారులే నిలదీశారు. 2021 డిసెంబరులో అగ్గిపెట్టె ధర 2 రూపాయలైంది. పెట్టెకొక పైసా ఇచ్చినా లక్ష పెట్టెలకు వచ్చేది వెయ్యి రూపాయలే! పరిశోధనకు అది సముద్రంలో కాకిరెట్ట. పది యూనిట్లు కలిసి ఒకే సంస్థకు ఏటా ఇస్తే మాటవేరు.

అంతకంటె ముందు చూడవలసినది ఆ పెట్టెలు నింపే చేతులను. ఈ పరిశ్రమలో అత్యధికులు స్త్రీలే. 2022లో దేశంలో సుమారు 1.92 లక్షల మందికి ఈ వ్యాధి సోకినట్లు, 98 వేల మంది మరణించినట్లు అంతర్జాతీయ అంచనా. రోజుకూలి పోతుందన్న భయంతో పరీక్ష వాయిదా వేసే కార్మికురాలికి జీతంతో కూడిన ఒక పూట సెలవు ఇవ్వడానికి ఏ రిబ్బనూ అక్కరలేదు.