మూడో పిన్ను ఎవరి కోసం?

మాది కోరుట్ల. ఎండాకాలం సెలవుల్లో మా పెద్దమ్మ కొడుకు పనిచేసే చిన్న ఇంటర్నెట్ ఆఫీసుకు వెళ్లాను. గోడకు ఒక ర్యాక్, అందులో నాలుగు స్విచ్‌లు, ఒక రూటర్, కింద యూపీఎస్. కేబుల్ మార్చబోతుంటే అన్న ఆపాడు. "తమ్మీ, చెప్పులేసుకొని ముట్టుకో. అప్పుడప్పుడు జుమ్ముమంటది. ఏం గాదు, అలవాటైతది."

ఆ 'అలవాటైతది' మీదనే నా గొడవ.

ఆ జుమ్ము ఎక్కడిదో మనం చదువుకున్నదే. స్విచ్‌లోని ఎస్ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే లీకేజీ అటు పోతుంది. లేకపోతే బాడీ మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. ఒక్క స్విచ్ లీకేజీ చిన్నదే. కానీ ర్యాక్‌లో అన్నీ ఒకే ఇనుముకు బిగించి ఉంటాయి కాబట్టి అన్నీ కలుస్తాయి. దారి దొరకని ఆ కరెంటుకు మన చెయ్యే దారి.

నేను పట్టుబడితే ఓనర్ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. ఆయన సాకెట్ విప్పి, న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న తీగ ముక్క కలిపి వెళ్లిపోయాడు. జుమ్ము పోయింది. అందరూ ఖుష్. నాకు మాత్రం భయం పట్టుకుంది. వెనకాల ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మొత్తం 230 వోల్టులు ర్యాక్ బాడీ మీదికి వస్తాయి. మూడు లైట్ల సాకెట్ టెస్టర్ కూడా ఈ మోసాన్ని పట్టుకోలేదు, అంతా బాగుందనే చూపిస్తుంది.

హాస్టల్‌లో ఇది చెప్తే మా సిరిసిల్ల దోస్తు నవ్వాడు. "మా సాంచాల షెడ్డుల కూడా గంతే. ముందు చెయ్యి ఎనకభాగంతోని ముట్టి చూస్తరు." సిరిసిల్లలో కరెంటు ఇచ్చేది సహకార సంఘం సెస్, జగిత్యాల, కోరుట్లలో ఎన్‌పీడీసీఎల్. ఎవరిచ్చినా, మీటర్ దాటాక ఎర్తింగ్ బాధ్యత బిల్డింగ్ వాళ్లదే.

సరైన పని పెద్ద ఖర్చేం కాదు. ర్యాక్‌కు పౌడర్ పెయింట్ ఉంటుంది, స్క్రూ బిగిస్తే ఎర్త్ అయినట్టు కాదు. ఒకచోట పెయింట్ గీకి, లగ్, స్టార్ వాషర్ పెట్టి, మందమైన పచ్చ-పసుపు రాగి తీగను ఎర్త్ బార్ దాకా లాగాలి. తలుపుకు వేరే తీగ, ప్రతి స్విచ్ ఎర్త్ స్క్రూకు వేరే తీగ. ర్యాక్ కోసం విడిగా గుంత తవ్వితే దాన్ని బిల్డింగ్ ఎర్త్‌తో కలపాల్సిందే. లేకపోతే పిడుగు పడ్డప్పుడు రెండు గుంతల మధ్య వోల్టేజీ తేడా వచ్చి, ఆ దెబ్బ మన కేబుళ్ల మీద పడుతుంది. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు రాగి కేబుల్ బదులు ఫైబర్ వేస్తే ఆ బాధే లేదు.

గుంత ఒక్కటే చాలదు. దాని నిరోధం 10 ఓమ్‌లు అనుకోండి. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి వెంటనే పడదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా కావాలి.

ఇవన్నీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కానీ మనలో ఎంతమందిమి ఎర్త్ గుంత మూత తీసి చూశాం? ఎండాకాలం దాంట్లో నీళ్లు పోశారా అని ఎవరినైనా అడిగామా? ఎర్తింగ్ స్విచ్ కాలిపోకుండా ఉండటానికని చెప్తాం. స్విచ్ పోతే ఇంకోటి వస్తుంది. దాన్ని రోజూ ముట్టుకునే మనిషి సంగతి ముందు మాట్లాడాలి.

నాలుగు రోజులు ఓనర్ వెంట పడ్డాక ఆ తీగ ముక్క తీయించి, సరైన ఎర్త్ వేయించాం. అన్న ఇంకా చెప్పులేసుకునే పనిచేస్తున్నాడు. వేసుకోవాల్సిందే కూడా. కానీ కొత్తగా వచ్చిన పిల్లగానికి ఇప్పుడు "అలవాటైతది" అని చెప్పట్లేదు. "జుమ్ముమంటే చెప్పు, పని ఆపుదాం" అంటున్నాడు.