నాందేడ్ పసికందుల ముందు మన సంఘం

నాందేడ్ మనకు పరాయి ఊరు కాదు. 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు నేటికీ తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ ఆస్పత్రికి తెలంగాణ సరిహద్దు పల్లెల నుండీ రోగులు వెళ్తారు. 2023 సెప్టెంబర్ 30, అక్టోబర్ 1 మధ్య 24 గంటల్లో ఆ ఆస్పత్రిలో 24 మంది చనిపోయారు. వారిలో 12 మంది నవజాత శిశువులు.

మందులు, సిబ్బంది కొరత అని విమర్శలు వచ్చాయి. బిడ్డలు విషమించాక తెచ్చారని అధికారులన్నారు. ఒక పార్లమెంటు సభ్యుడు వచ్చి డీన్ చేత మరుగుదొడ్డి కడిగించాడు. అతనిపై ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. బొంబాయి హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. ఒక మనిషిని అవమానిస్తే ఒక్క ఇంక్యుబేటరైనా పెరుగుతుందా?

ఆ బిడ్డలు కాలేయ జబ్బుతో పోయారని నేను అనడం లేదు. కానీ పసికందు కాలేయం ఒక్కసారిగా విఫలమైతే ఏం కావాలో చూస్తే, మన ఆస్పత్రులకు ఏం తక్కువైందో తెలుస్తుంది. పుట్టిన బిడ్డల్లో చాలామందికి పచ్చకామెర్లు వచ్చి పోతాయి. అయితే మొదటి రోజే పసుపు కనిపించినా, బొడ్డు దగ్గర రక్తం ఆగకపోయినా, బిడ్డ పాలు తాగక మత్తుగా పడుకున్నా, మలం తెల్లగా వచ్చినా ఆగకూడదు. విటమిన్ కె ఇచ్చినా రక్తం గడ్డకట్టకపోతే డాక్టర్లు కాలేయ వైఫల్యాన్ని అనుమానిస్తారు. రక్తంలో చక్కెర పడిపోకుండా గంట గంటకూ చూడాలి. హెర్పిస్ అనుమానం ఉంటే రిపోర్టు వచ్చేవరకు ఆగకుండా ఎసైక్లోవిర్ మొదలుపెట్టాలి. గాలక్టోసీమియా అయితే తల్లిపాలు సైతం ఆపాలి. ఇదంతా అర్ధరాత్రి కూడా నడిచే ల్యాబ్, నర్సు, మందు ఉన్నచోటే సాధ్యం.

ఇంకో మాట. తల్లి శరీరంలోని యాంటీబాడీలు గర్భంలోని బిడ్డ కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు ఒకటుంది. అది ఒకసారి వస్తే తర్వాతి కాన్పుల్లోనూ వచ్చే అవకాశం ఎక్కువ. గర్భిణికి ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తే చాలావరకు నివారించవచ్చు. ఈ సంగతి తెలియక వరుసగా బిడ్డలను పోగొట్టుకున్న తల్లిని శాపగ్రస్తురాలని పిలిచే నోళ్లు మన సంఘాల్లోనూ ఉన్నాయి. ఆ తల్లికి కావలసింది నింద కాదు, పెద్దాస్పత్రిలో పరీక్ష.

పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి యేసు ముందు దించారు. వారి విశ్వాసం చేతుల్లో కనబడింది. మనం ప్రార్థన నూనెతో, పసరు మందుతో, ఎండలో పడుకోబెట్టడంతో రోజులు గడిపేస్తే అది విశ్వాసం కాదు, ఆలస్యం.

యువతీ యువకులారా, 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రిలో జబ్బుపడిన నవజాత శిశువుకు మందులు, పరీక్షలు, రవాణా ఉచితం. బయట కొనుక్కోమని చీటీ రాస్తే అడగండి, రాసి ఫిర్యాదు చేయండి. 2025 నాటికి ఆరోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఓటడగడానికి వచ్చినవారిని ఆ లెక్క అడగండి.

ప్రార్థించి లేచిన మోకాళ్లే ఆస్పత్రి గుమ్మం దాకా నడవాలి.