కన్నబిడ్డ అంటే భయం

బిడ్డకు ఏమవుతుందోనని తల్లి భయపడితే మనకు ముచ్చట. బిడ్డనే చూసి భయపడితే మాత్రం భరించలేం. 2022 నవంబరులో వచ్చిన ‘మసూద’ తన మొదటి సగమంతా ఈ భరించలేనితనం మీదే నడిపింది. సాయికిరణ్ తీసిన ఈ సినిమాలో నీలం బడిపంతులమ్మ, భర్తకు దూరంగా కూతురు నాజియాతో ఉంటుంది. పొద్దున మామూలుగా తిరిగిన పిల్ల రాత్రయ్యేసరికి వేరే ఎవరో అయిపోతుంది. ఆ సంగతి పక్కింటి గోపీతో చెప్పుకోవలసి వచ్చినప్పుడు నీలం ముఖంలో భయం కంటే ముందు సిగ్గు కనిపిస్తుంది. నీలంగా చేసిన సంగీత నటనలో మాకు నచ్చింది ఆ సిగ్గే.

అది ఎక్కడిదో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఏలూరులో కానీ తాడేపల్లిగూడెంలో కానీ పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడిస్తే, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచే చెయ్యి కంటే ముందు నోరు లేస్తుంది: “మిట్టమధ్యాహ్నం ఎక్కడ తిప్పావే దీన్ని?” గాలి సోకింది పిల్లకి, తప్పు తల్లిది. పల్లెటూరి మూఢత్వమని తోసేయడానికీ లేదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం స్కందుడు మొదలు నైగమేషుడి దాకా తొమ్మిది బాలగ్రహాలను లెక్కపెట్టి, తల్లో దాదో శుచి తప్పి, నడత తప్పితే అవి పిల్లల్ని పట్టుకుంటాయంది.

తల్లి మీదికి తోయలేని జబ్బునూ ఏలూరు చూసింది. 2020 డిసెంబరు మొదట్లో వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోసాగారు. కొద్దిరోజుల్లోనే 600 మందికి పైగా జబ్బుపడ్డారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. కళ్లు తేలేసి నురగ కక్కుతున్న పిల్లను ఒళ్లో పెట్టుకున్న తల్లికి తెర మీద దెయ్యంతో పనేముంది? ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల మాటా వచ్చింది. సీసానికి తల్లి నడతతో సంబంధం లేదు కనుక ఈసారికి ఆవిడ బతికిపోయింది.

దెయ్యం సినిమా చేసే మేలూ ఇదే. తప్పును తల్లి మీద నుంచి తీసి ఇంకెవరి మీదో పెడుతుంది. ‘మసూద’ దాన్ని బురఖా వేసుకున్న ఆడమనిషి మీద పెట్టింది. విరుగుడు తెలిసినవాళ్లూ ముస్లిములే అయినా, భయపెట్టడానికి బురఖా చాలుననుకోవడం మాకు మింగుడుపడలేదు. పైగా రెండో సగంలో గోపీ పాతకథ తవ్వడానికి బయల్దేరాడు, నీలం వెనకబడిపోయింది. కూతురి గురించి ఆమె ఏమనుకుంటోందో కథకు అక్కరలేకపోయింది.

2014లో జెన్నిఫర్ కెంట్ తీసిన ఆస్ట్రేలియా సినిమా ‘ద బాబడూక్’ సరిగ్గా అక్కడే కదలకుండా నిలబడింది. అమీలియాను కాన్పుకు తీసుకెళ్తూ భర్త కారు ప్రమాదంలో పోయాడు. కొడుకు పుట్టినరోజూ తండ్రి పోయినరోజూ ఒకటే. ఆ కొడుకును ప్రేమించలేకపోవడమే ఆ ఇంట్లో పిశాచమై తిరుగుతుంది. చివరికి దాన్ని వెళ్లగొట్టరు కూడా. నేలమాళిగలో ఉంచి, వానపాములు పెట్టి పోషిస్తారు.

అలాంటి కథకు పనికొచ్చే ముడిసరుకు మన కొల్లేట్లోనే ఉంది. లాంగూల్య గజపతి కొల్లేటికోటలో ఉండగా, చిగురుకోట దగ్గర దిగిన శత్రువులు సరస్సు నీటిని సముద్రంలోకి దించేయాలని కాలువ తవ్వారట. అదే నేటి ఉప్పుటేరు. గెలుపు కోసం గజపతి సేనాని కన్నకూతుర్నే బలిచ్చాడని, అందుకే ఆ కాలువ పేరంటాళ కనుమ అయిందని చెబుతారు. ఇందులో రాజు పేరుంది, కోట పేరుంది, తండ్రి హోదా ఉంది. తల్లి ఊసే లేదు. చచ్చి దేవతైన కూతురు ఓ రాత్రి గడప దగ్గరికొచ్చి పిలిస్తే ఆ తల్లి తలుపు తీస్తుందా? ఈ కథను ఆమె వైపు నుంచి రాసి పంపేవాళ్లకు వచ్చే సంచికలో పేజీలు అట్టిపెడతాం. కైకలూరు, ఆకివీడు వైపు వాళ్లైతే మరీ సంతోషం. నిడివి మీ ఇష్టం. దెయ్యం ఉండి తీరాలన్న నిబంధన లేదు.