పొగ మానిన వేళ పెరిగే బరువు

ధూమపానం మానిన కొద్ది వారాలకే చొక్కా బిగుతవుతుంది. ‘ఇదంతా మానడం వల్లనే’ అంటూ మళ్లీ సిగరెట్ అందుకునేవారు అనేకులు. వారి ఫిర్యాదు నిజమే, నిర్ణయమే తప్పు.

నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది, ఆకలిని అణచివేస్తుంది, విశ్రాంతిలో సైతం శరీరం చేత అదనపు శక్తిని ఖర్చు చేయిస్తుంది. రోజుకు 24 సిగరెట్లు కాల్చినప్పుడు శక్తివ్యయం సుమారు 10 శాతం పెరిగినట్లు 1986లో ప్రచురితమైన ఒక ప్రయోగం వెల్లడించింది. పరుగెత్తని గుర్రాన్ని కొరడాతో అదిలించడం వంటిదే ఇది. కొరడా ఆగగానే ఖర్చు తగ్గుతుంది. ఆకలి, నాలుకకు రుచి తిరిగి వస్తాయి. ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరగవచ్చు. అందులో అధికభాగం మొదటి మూడు నెలలదే. కొందరైతే అసలు పెరగరు.

రమజాన్‌లో పగలంతా సిగరెట్ లేకుండా గడిపి, అదే పట్టుదలతో పూర్తిగా మానుకునేవారికి ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మరో పరీక్ష. నోరు వెతికేది సిగరెట్‌ను, చేతికి అందేది సమోసా! గృహిణులు ఆ స్థానంలో పండ్లు, ఉడికించిన శనగలు ఉంచితే ఎంతో మేలు. తరావీహ్‌కు వాహనం విడిచి నడచి వెళ్లవచ్చు. ఈ మూడు నెలలూ ఆయన పొట్టపై ఇంట్లో ఎవరూ పరిహాసమాడకపోవడం మరీ మంచిది.

మధుమేహం ఉన్నవారు, వచ్చే అవకాశమున్నవారు మానే ముందే వైద్యుని సంప్రదించి రక్తంలో చక్కెరను గమనించుకోవాలి. బరువు పెరిగినప్పటికీ, మానినవారిలో గుండెజబ్బు మరణాలు కాల్చుతూనే ఉన్నవారి కంటే తక్కువ.