అడవి మనిషికి రాజనీతి ఏమిచ్చింది?

కౌటిల్యుడు గొప్పా, మాకియవెల్లి గొప్పా? వళ్లువర్ ముందు చెప్పాడా, మనవాళ్లు ముందు చెప్పారా? రాజనీతి గ్రంథాలను పోల్చే వ్యాసాలు చాలావరకు ఈ పందెం దగ్గరే ఆగిపోతాయి. దీనివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. రాజ్యం అంచున బతికే బలహీనుడికి ఏం చెప్పిందన్నదే ఏ రాజనీతికైనా గీటురాయి కావాలని నా అభిప్రాయం. తమిళనాడులోని ధర్మపురి జిల్లా పాపిరెడ్డిపట్టి ప్రాంతం ఈ గీటురాయిని మనకు చేతికందిస్తుంది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలున్న ఈ సీమలో వళ్లువర్ కురళూ కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదా రెండూ సొంత పుస్తకాలే. పక్కనే సిత్తేరి కొండలు, ఆ కొండల్లో మలయాళి అనే తెగ గిరిజనులు.

ముందు పాత పెద్దలు ఏమన్నారో చూద్దాం. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు పశ్చాత్తాపపడ్డ సంగతి బడిపిల్లలకూ తెలుసు. అదే పదమూడో శిలాశాసనంలో ఆయన అడవి జాతులను హెచ్చరించిన సంగతి చాలామందికి తెలియదు. పశ్చాత్తాపం ఉన్నా శిక్షించే బలం తనకు తగ్గలేదని వాళ్లకు గుర్తుచేశాడు. అర్థశాస్త్రమైతే దొంగలకంటే ఆటవికులే ప్రమాదకరమంటుంది. వాళ్లకు సొంత నేల ఉంది, ధైర్యముంది, పట్టపగలే ఎదిరిస్తారు.

1509 నుంచి 1529 దాకా ఏలిన కృష్ణదేవరాయల దారి వేరు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుకుకు రాజనీతి బోధిస్తాడు. అడవి జనం చిన్న తప్పులన్నీ ఏరిపారేయాలని చూడటం మట్టిగోడను కడగడం లాంటిదంటాడు. కోపగించి వాళ్లను తుడిచిపెట్టడం రాజు వల్ల కాదు, ఆదరించి దగ్గరకు తీసుకుంటే శత్రువు మీదికి పనికొస్తారు. యుద్ధాల్లో పండిన రాజు మాట ఇది. అశోకుడి హెచ్చరిక కంటే ఇందులో మనిషితనం ఎక్కువ. కానీ ఆ దయ వెనకున్న లెక్క రాజుగారి లాభమే.

వళ్లువర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. రాజదండం పట్టుకుని ప్రజల సొత్తు అడిగేవాణ్ణి బల్లెం పట్టుకుని దారికాసే దొంగతో సమానం చేశాడు. బాధ తాళలేక జనం కార్చే కన్నీరే రాజు సంపదను అరగదీస్తుందన్నాడు. అయితే ఆ కన్నీరు పెట్టుకున్నవాడు ఎవరి గడప తొక్కాలో ఆయనా చెప్పలేదు.

మన దేశం దాటి చూస్తే, ఇంగ్లండులో 1217లో అడవుల శాసనం వచ్చింది. రాజుగారి అడవిలో జింకను వేటాడినందుకు ఎవరి ప్రాణమూ అవయవమూ తీయకూడదని అందులో రాశారు. ఇది చూసి పశ్చిమదేశాలే ముందున్నాయని తీర్పు చెప్పేయకూడదు. ఆ దేశం మనల్ని ఏలినప్పుడు 1882 మద్రాసు అటవీ చట్టంతో కొండవాళ్ల పోడుకూ పుల్లకూ అడ్డం పడింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచి నిలబడటానికి ఆ కడుపుమంట కూడా ఒక కారణం.

ఇక సిత్తేరి కొండల కిందున్న వాచాత్తి గ్రామానికి వద్దాం. 1992 జూన్ 20న గంధపు చెక్క దాచారంటూ అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది కలిసి ఊరిమీద పడ్డారు. ఇళ్లు కూల్చారు, తిండిగింజలు పాడుచేశారు, 18 మంది ఆడవాళ్లమీద అత్యాచారం చేశారు. ఆ ఆడవాళ్లు నోరు మూసుకోలేదు. తమిళనాడు గిరిజన సంఘం వాళ్లకు అండగా నిలబడింది. 2011 సెప్టెంబరు 29న ధర్మపురి కోర్టు 269 మంది నిందితులనూ దోషులుగా తేల్చింది. అప్పటికే 54 మంది చనిపోగా మిగిలిన 215 మందికి శిక్ష పడింది. 2023 సెప్టెంబరు 29న మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేస్తూ, బాధితురాళ్లకు ఒక్కొక్కరికి 10 లక్షల పరిహారం ఇవ్వాలనీ, అప్పటి కలెక్టరు, ఎస్పీ, జిల్లా అటవీ అధికారులపై చర్య తీసుకోవాలనీ ఆదేశించింది.

అశోకుడు, కౌటిల్యుడు, వళ్లువర్, రాయలు అందరూ సింహాసనం వైపు తిరిగే మాట్లాడారు. రాజు వినకపోతే అడవి మనిషి ఏం చేయాలో వాళ్ల నీతిలో లేదు. చదువులేని గిరిజన మహిళ సర్కారు ఉద్యోగిని బోనులో నిలబెట్టే హక్కు మన రాజ్యాంగం ఇచ్చింది. రాయల దయకూ ఈ హక్కుకూ మధ్య ఉన్న తేడాయే అయిదువందల ఏళ్లలో మనం సాధించిన ప్రగతి. మొదటి తీర్పుకు 19 ఏళ్లు, రెండో తీర్పుకు 31 ఏళ్లు పట్టడం మాత్రం ఆ ప్రగతికి మాయని మచ్చ.

2006 అటవీ హక్కుల చట్టం గిరిజనుడి నేలకు రాతపూర్వక హామీ ఇచ్చింది. దాన్ని అమలు చేయాల్సిన అధికారులు శిక్షణలో చాణక్యుడి పేరు వింటే సరిపోదు. కురళులోని దుష్టపాలన అధ్యాయాన్నీ, ఆముక్తమాల్యద రాజనీతినీ, వాచాత్తి తీర్పునూ పక్కపక్కన పెట్టి వాళ్లచేత చదివించాలి. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు ఈ మూడింటినీ ఒకే పాఠంగా తమ తరగతుల్లో ఈ ఏడాదే మొదలుపెట్టాలని నా విన్నపం.